కార్తె తప్పిన వానలు, మిద్దె మీద కూరగాయలు

2025లో రోహిణి కార్తె మొదలవుతూనే వానలు వచ్చేశాయి. నైరుతి రుతుపవనాలు మామూలుగా జూన్ 1కి కేరళను తాకాలి. ఆ ఏడాది మే 24నే తాకాయి. 2009 తర్వాత అంత ముందుగా రావడం అదే. రెండు మూడు రోజుల్లో తెలుగు రాష్ట్రాల్లోకీ వచ్చాయి. రోళ్లు పగలాల్సిన రోజుల్లో హైదరాబాద్‌లో మా మిద్దె మీద కుండీల్లో మట్టి తడిసి ముద్దయింది. ఇంతకు మించిన అదను దొరకదనుకుని బెండ, బీర, గోరుచిక్కుడు గింజలు అన్నీ ఒకే రోజు పెట్టేశాను. వంగనారూ నాటేశాను.

నెలాఖరుకి రుతుపవనాలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. జూన్ 16 దాకా మళ్లీ ముందుకు కదల్లేదు. మృగశిర వచ్చేసరికి నెత్తి మీద ఎండ. రెండాకుల మీదున్న బీర మొలకలు మధ్యాహ్నానికల్లా తలలు వాల్చేవి, సాయంత్రం నీళ్లు పోస్తే లేచేవి. మూడో రోజు నీళ్లు పోసినా లేవలేదు. పెట్టిన వాటిలో సగానికి పైగా అలా పోయాయి.

ఈ మాట ఎవరితో అన్నా ‘కార్తెలకు కాలం చెల్లింది’ అంటారు. నేను ఒప్పుకోను. మన పెద్దలు చెప్పిన సామెతలు ఒకసారి నెమ్మదిగా చదవండి. ‘ఆరుద్ర కురిస్తే ఆరు కార్తెలూ కురుస్తాయి.’ ‘మఖ పుబ్బలు వరపైతే మహా ఎత్తైన క్షామం.’ వరపంటే వాన లేకపోవడం. కురిస్తే, వరపైతే... ఫలానా రోజున వాన పడి తీరుతుందని వాళ్లు ఎక్కడా అనలేదు. పడితే ఇలా, పడకపోతే అలా అన్నారు. 2023లో దేశం మొత్తం మీద 1901 తర్వాత ఎన్నడూ లేనంత తక్కువ వాన పడిన ఆగస్టు చూశాం. మఖ వచ్చేది ఆగస్టు నడిమిలోనే. అలా ఎండిపోయే మఖ ఎలా ఉంటుందో వాళ్లకూ తెలుసు, అందుకే ‘వరపైతే’ అన్నారు. మనం ఆ ‘తే’ని వదిలేసి తేదీని మాత్రం పట్టుకున్నాం. వాతావరణం అదుపు తప్పుతున్న కొద్దీ అదే మన కొంప ముంచుతోంది.

కుండీల్లో పెంచేవాళ్లకు ఈ దెబ్బ రెండింతలు. పొలంలో పైన అంగుళం ఆరినా అడుగున చెమ్మ ఉంటుంది, వేరు దాన్ని వెతుక్కుంటూ దిగుతుంది. పన్నెండు అంగుళాల గ్రో బ్యాగ్‌లో వేరు ఎక్కడికి పోతుంది? ఏప్రిల్‌లో మధ్యాహ్నం రెండింటికి ఎండ తగిలే వైపున, బ్యాగ్ అంచు పక్కన మట్టిలో వేలు గుచ్చి చూశాను. పది లెక్కపెట్టేలోపే తీసేయాల్సి వచ్చింది. లేత వేర్లు ఎక్కువగా ఉండేది ఆ అంచు పక్కనే. సాయంత్రం ఎండ దిగినా శ్లాబు వేడి దిగదు, రాత్రంతా కింది నుంచి కాస్తూనే ఉంటుంది.

వాన ఎక్కువైనా అంతే. మొంథా తుపాను 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది, మర్నాడు ఇక్కడా వానే. తెరిపి ఇచ్చి ఎండ కాయగానే పక్కింటి పిన్ని పిలిచింది, వంగమొక్కలు వాడిపోతున్నాయి, ఎన్ని నీళ్లు పోసినా తేరుకోవట్లేదని. మట్టి పిండితే నీళ్లు కారుతున్నాయి. ఒక మొక్క పీకి చూస్తే వేళ్లు గోధుమరంగుకు తిరిగి మురుగు వాసన కొడుతున్నాయి. వేళ్లకు గాలి అందకపోయినా మొక్క ఎండకు వాడినట్టే వాడుతుంది. అందుకే మనం పొరబడి ఇంకో చెంబు పోసేస్తాం. అసలు తప్పు కుండీ అడుగున ఉంది. శ్లాబుకు అతుక్కుని కూర్చోవడంతో కన్నం మూసుకుపోయింది. కింద రెండు ఇటుక ముక్కలు పెట్టి ఎత్తగానే నల్లటి నీళ్లు బుడబుడమని దిగాయి. ఆరు మొక్కల్లో నాలుగు బతికాయి. మార్కెట్‌లో దొరికే పరికరాలన్నిటి కంటే ఆ రెండు ఇటుక ముక్కలే ముందు కొనదగ్గవని నా నమ్మకం. షేడ్ నెట్ ఆ తర్వాత.

ఇక టమాటా. 2023 జులైలో కిలో వంద దాటి పరుగెట్టినప్పుడు ఎన్ని మిద్దెల మీదికి టమాటా నారు ఎక్కిందో! పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా వేడి తగ్గకపోతే టమాటా పుప్పొడి పనికిరాకుండా పోతుంది. పూత నిండుగా వస్తుంది, పిందె పట్టకుండా రాలిపోతుంది. ఎరువు తక్కువైందేమోనని గుప్పిళ్లకొద్దీ వేస్తాం. ఎంత వేసినా ఆ వేడికి పిందె నిలవదు. పొలాల్లో టమాటాను దెబ్బతీసే ఎండే మన మిద్దెనూ దెబ్బతీస్తుంది. కాబట్టి ధర పెరిగినప్పుడు ఇంటి తోట ఆదుకుంటుందన్న ఆశ టమాటా విషయంలో నిలవదు.

ఆదుకునేవి వేరే ఉన్నాయి. తోటకూర, గోంగూర, బచ్చలి ఎండకు జంకవు. దొండ తీగ ఒకసారి నిలదొక్కుకుంటే ఏళ్ల తరబడి కాస్తుంది. పాదు చిక్కుడు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మన పాత రకాలు పూతకు వచ్చేది పగటి పొద్దు తగ్గడం చూసి. వాన రెండు వారాలు ముందొచ్చినా, ఆలస్యమైనా పొద్దు లెక్క మారదు కదా. జులైలో పెట్టిన పాదు చలికాలానికి కాయల గుత్తులు వేలాడేస్తుంది. తడబడే కాలంలో ఇలాంటి మొక్క ఇంటికి ఒక్కటైనా ఉండాలి.

జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా రైతులు ఒకే చేనులో జొన్న, కంది, కొర్ర, అనుములు, ఇంకా ఎన్నో కలిపి విత్తుతారు. ఒకటి పోతే ఒకటి నిలుస్తుంది. ఏటా పాత పంటల జాతరలో బళ్ల మీద ఊరేగేది ఆ విత్తనాలే. వానను నమ్మి బతికే ఎర్రనేలల్లో పుట్టిన తెలివి అది. మిద్దెకు దాన్ని తెచ్చుకోవాలంటే గింజల డబ్బా ఒకేసారి ఖాళీ చేసే అలవాటు మానాలి. ఇప్పుడు నేను బెండ పది గింజలు పెట్టాలనుకుంటే ఈ వారం మూడు, పది రోజులాగి ఇంకో మూడు పెడుతున్నాను. మిగతావి ఆ పైన. కాపు ఒక్కసారిగా విరగకాయదు. కానీ ఒక ఎండకో ఒక వానకో అంతా పోదు.

బీర, సొర దగ్గర ఇంకో చిక్కు. ముసురు పట్టిన రోజుల్లో పుప్పొడి మోసే కీటకాలు రావు, ఆడపువ్వు వెనక పిందె పసుపుపచ్చబడి ఊడిపోతుంది. జనం దాన్ని తెగులనుకుంటారు. ఈ రెండూ సాయంత్రమే విచ్చుకుంటాయి. ఆరు గంటలప్పుడు మగపువ్వు తెంపి, రేకలు ఒలిచి, ఆడపువ్వు మధ్యలో మెల్లగా రాస్తే చాలు. కాకర మాత్రం పొద్దున్నే విచ్చుకుంటుంది.

ఇదంతా ఎవరికి వాళ్లు గింజలు పోగొట్టుకుని నేర్చుకోవాలా? వాతావరణ శాఖ, వ్యవసాయ విశ్వవిద్యాలయాలు కలిసి వారానికి రెండుసార్లు, మంగళ, శుక్రవారాల్లో, రైతులకు సలహాల బులెటిన్ ఇస్తాయి. 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడి నేల బాగా తడిశాకే విత్తుకోమని వానాకాలం ముందు చెబుతారు. పొలానికి అది బంగారం లాంటి మాట. పైపు పెట్టి తడుపుకునే కుండీకి ఆ కొలత పనికిరాదు. దానికి తెలియాల్సింది రాబోయే పది రోజుల ఎండ. ఆ బులెటిన్‌లోనే మిద్దె తోటలకు నాలుగు లైన్లు చేర్చడం పెద్ద పని కాదు: ఈ వారం నారు నాటొద్దు, కుండీల కన్నాలు చూసుకోండి, నెట్ తీసేయొచ్చు, గింజలన్నీ ఒకేసారి పెట్టకండి. మే చివరి వారంలో ఆ ఆఖరి లైను ఒక్కటి నా కంటపడి ఉంటే బీర గింజలు సగమైనా డబ్బాలో మిగిలేవి.