గాలి తుపాకీ చేసే పిల్లాడికి ల్యాబు తలుపు తెరవండి

సైకిలు పంపు మూతిని బొటనవేలితో గట్టిగా మూసి పిడి నొక్కి చూడండి. సగం దాకా సులువుగా దిగుతుంది. ఆ తర్వాత లోపలి గాలి ఎదురు తిరుగుతుంది, గొట్టం అడుగు వేడెక్కుతుంది. వేలు జారగానే టప్‌మంటుంది. పదమూడేళ్ల పిల్లాడికి ఆ ఒక్క చప్పుడు చాలు. దాని ముందు బఠాణీ గింజ పెడితే ఎంత దూరం పోతుంది? వెనక ఇంకాస్త గాలి కొడితే? ఫోనులో వెతికితే పీవీసీ పైపు ముక్కతో, వాల్వుతో, పైపులు అతికించే సొల్యూషన్ డబ్బాతో బీబీ గన్ (చిన్న ప్లాస్టిక్ గుండ్లు పేల్చే గాలి తుపాకీ) చేసి చూపించే వీడియోలు బోలెడు. సెలవులు రాగానే మేడ మీద పని మొదలవుతుంది.

ఆ కుర్రాణ్ని నాలుగు తిట్టి పైపు లాక్కుంటే సరిపోతుందని మేం అనుకోవడం లేదు. పిల్లలు ఫోను వదలడం లేదని రోజూ వాపోతాం. ఒకడు ఫోను పక్కన పెట్టి చేతులతో ఏదో చేయబోతే చదువు పాడవుతుందని టెన్షన్ పడతాం. వాడి కుతూహలం మంచిదే. వాడు ఎంచుకున్న గొట్టంతోనే, పెట్టే గురితోనే మాకు పేచీ.

గాలి తుపాకీ మన పొరుగుకు కొత్తేమీ కాదు. ఛత్తీస్‌గఢ్ బస్తర్‌లోని జగదల్‌పూర్‌లో ఆషాఢ మాసంలో జరిగే గోంచా పండుగలో పిల్లలూ పెద్దలూ వెదురు ‘తుప్కీ’లు పేలుస్తారు. రెండు వైపులా తెరిచి ఉన్న సన్నని వెదురు గొట్టం, అందులో మాల్‌కంగని తీగ పచ్చికాయ. మొదటి కాయను పుల్లతో చివరిదాకా తోస్తారు. వెనక నుంచి రెండో కాయను నెడితే మధ్యలో చిక్కిన గాలి నలిగి, ముందున్న కాయ ఠప్పున ఎగిరిపోతుంది. రెండోది మరుసటి దెబ్బకు సిద్ధంగా కూర్చుంటుంది. జగన్నాథుడి రథానికి అదే వందనం. వాయువు పీడనం గురించి పాఠ్యపుస్తకం రెండు పేజీల్లో చెప్పేది ఒక్క వెదురు ముక్కలో ఉంది.

తుప్కీలో గాలి నిలవ ఉండదు. చెయ్యి ఎంత తోస్తే అంతే బలం. ఇంట్లో చేసే బీబీ గన్ అలా కాదు. అందులో గాలిని పంపుతో కొట్టి ఒక గొట్టంలో దాచిపెడతారు. ప్రమాదమంతా ఆ దాచిన గాలిలోనే ఉంది. రెండు లీటర్లు పట్టే గొట్టంలో చదరపు సెంటీమీటరుకు ఆరు కేజీల ప్రెషర్ ఎక్కించారనుకోండి. అది ఒక్కసారిగా పగిలితే విడుదలయ్యే శక్తి దాదాపు వెయ్యి జౌళ్లు. రెండు పాతిక కిలోల బియ్యం బస్తాలు కలిసి రెండు మీటర్ల ఎత్తు నుంచి పడ్డంత దెబ్బ అది.

‘పైపు మీద సిక్స్ కేజీ అని రాసే ఉంది కదా’ అని పిల్లలు వాదిస్తారు. ఆ లెక్క నీళ్లకు, అదీ 27 డిగ్రీల వేడి దగ్గర. నీళ్లను నొక్కితే పెద్దగా నలగవు కాబట్టి పైపు చిట్లితే నీరు చిమ్మి ఆగిపోతుంది. గాలి స్ప్రింగులా నలిగి ఉంటుంది కాబట్టి పైపును పెంకులు పెంకులుగా విసిరేస్తుంది. ఎండకు ఎండి పెళుసెక్కిన పీవీసీ అయితే మరీ ఘోరం. అమెరికాలో కార్మిక భద్రతా సంస్థ ఓషా 1988లోనే, ఫ్యాక్టరీల్లో గాలి లైన్లకు పీవీసీ పైపులు వాడొద్దని హెచ్చరించింది. ఫ్యాక్టరీకే పనికిరానిది మేడ మీద పిల్లాడి చెంప పక్కన ఎలా పనికొస్తుంది?

గొట్టం నిలిచినా గుండు ఉండనే ఉంది. ఆరు మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుండు బరువు గ్రాములో ఐదో వంతు. సెకనుకు వంద మీటర్ల వేగంతో వెళితే దాని శక్తి ఒక్క జౌలు. మన 2016 ఆయుధ నిబంధనలు ఎయిర్ గన్‌కు లైసెన్స్ అడిగేది 20 జౌళ్లు దాటితేనో, గొట్టం లోపలి వెడల్పు 4.5 మిల్లీమీటర్లు మించితేనో. కంటికి ఆ హద్దులు తెలియవు. నల్లగుడ్డు మీది పారదర్శక పొర మందం అర మిల్లీమీటరు. ఆ ఒక్క జౌలుకే లోపల రక్తం చేరుతుంది, కటకం దెబ్బతింటుంది. కంటికి తగిలితే నలపకూడదు, గుచ్చుకున్నది పీకకూడదు. కన్ను మీద ఒత్తిడి పడకుండా చిన్న కప్పు లాంటిది బోర్లించి ఆసుపత్రికి పరుగెత్తాలి.

2025 దీపావళికి మధ్యప్రదేశ్‌లో జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ గుండె తరుక్కుపోతుంది. పీవీసీ గొట్టంలో కార్బైడ్, నీళ్లు కలిపి పేల్చే తుపాకులు వీధుల్లో నూట యాభై, రెండు వందల రూపాయలకు అమ్మారు. పేలలేదేమిటని గొట్టంలోకి తొంగి చూసిన పిల్లల ముఖం మీదే అవి పేలాయి. భోపాల్, విదిశ తదితర చోట్ల వందమందికి పైగా కంటి గాయాలతో ఆసుపత్రుల్లో చేరారు, కొందరి చూపు పోయింది. అది గాలి తుపాకీ కాదు, గ్యాసు తుపాకీ. గొట్టం మాత్రం అదే.

గురి చూసి కొట్టాలన్న సరదాకు చక్కటి దారి మన దగ్గరే ఉంది. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే. మన షూటర్ ఈషా సింగ్ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల నుంచి నాలుగు పతకాలు తెచ్చింది. ఆ పోటీల్లో తుపాకీకి బిగించే గాలి సిలిండర్‌కు గడువు తేదీ ఉంటుంది. అది దాటలేదని చూసుకోవాల్సిన బాధ్యత షూటర్‌దే. ఒలింపిక్ విజేత కూడా తేదీ చూసుకున్నాకే గాలి నింపుకోవాలి.

పిల్లలు సొంతంగా వస్తువులు చేసి చూసుకునే అటల్ టింకరింగ్ ల్యాబులు దేశంలో పదివేల బడుల్లో ఉన్నాయి. మరో 50 వేలు ప్రభుత్వ బడుల్లో పెడతామని 2025 బడ్జెట్‌లో కేంద్రం చెప్పింది. హైదరాబాద్ రాయదుర్గంలో కొత్త వస్తువుల నమూనాలు చేసుకునే టీ-వర్క్స్ ఉంది. మేం రెండు రాష్ట్రాల విద్యాశాఖలను అడిగేది ఒక్కటే. పిల్లలకు తీరిక దొరికేది వేసవిలో కనుక, ఆ రెండు నెలలూ ల్యాబులకు తాళం వేయొద్దు. రోజుకు రెండు గంటలు తెరవండి. ప్రెషర్ గేజ్, సేఫ్టీ వాల్వు, అందరికీ పాలీకార్బనేట్ కళ్లద్దాలు, పక్కన విషయం తెలిసిన ఒక మాస్టారు ఉంటే చాలు. ఆ పంపుతోనే నీటి రాకెట్ ఎగరేయించండి, సిరంజిలతో బరువులెత్తే చెయ్యి చేయించండి. తుప్కీ కూడా చేయించండి, గురి మాత్రం గోడ మీది అట్టముక్కకు.