మొక్కజొన్న కప్పు ఎక్కడ పడితే అక్కడ కరగదు

"ఇది మొక్కజొన్నతో చేసిన కప్పు. ఎక్కడ పారేసినా మూడు నెలల్లో మట్టిలో కలిసిపోతుంది, భూమికి ఏ హానీ లేదు." ఈ పోస్టును చాలామంది మంచి మనసుతోనే షేర్ చేస్తున్నారు. కానీ ఇది నమ్మి కప్పులు బయట పారేస్తే జరిగేది నష్టమే.

"మొక్క నుంచి వచ్చింది కాబట్టి కుళ్లుతుంది" అన్నది మొదటి పొరపాటు. ముడిసరుకు ఏదైనా, చివరికి తయారైన అణువు ఎలాంటిదన్నదే లెక్క. బ్రెజిల్‌లో చెరకు ఇథనాల్‌తో పాలిథిన్ చేస్తున్నారు. చమురుతో చేసిన పాలిథిన్‌కీ దానికీ తేడా లేదు, మట్టిలో అంతే మొండి. పీబీఏటీ అనే ప్లాస్టిక్ మాత్రం ఎక్కువగా చమురు నుంచే వస్తుంది, అయినా దాన్ని సూక్ష్మజీవులు తినగలవు.

ఇక "మూడు నెలలు". అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. ఈ కప్పుల్లో సాధారణంగా ఉండేది పీఎల్ఏ, అంటే మొక్కజొన్న లాంటి పంటల నుంచి చేసే ప్లాస్టిక్. యూరప్ ప్రమాణం ఈఎన్ 13432 ప్రకారం కంపోస్టబుల్ (కంపోస్టులో కుళ్లిపోయే) వస్తువు 12 వారాల్లో ముక్కలవ్వాలి, 6 నెలల్లో 90 శాతం కార్బన్ డయాక్సైడ్‌గా మారాలి. అయితే ఆ పరీక్ష పెట్టేది 58 డిగ్రీల వేడి, తగినంత తేమ, గాలి ఉన్న కంపోస్టులో. పీఎల్ఏలోని పొడవాటి అణు గొలుసులను ముందు నీరు తెంచాలి, ఆ తర్వాతే సూక్ష్మజీవుల వంతు. ఆ వేడి కంటే బాగా తక్కువలో ఆ పదార్థం బిగుసుకుని ఉంటుంది, నీటి పని బాగా నెమ్మదిస్తుంది. మామూలు నేల అంత వేడెక్కదు, సముద్రం అసలే చల్లన.

బ్రిటన్‌లోని ప్లిమత్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో ప్రచురించిన ఫలితాలు చూడండి. బయోడిగ్రేడబుల్ (సూక్ష్మజీవులు కుళ్లబెట్టగలవి) అని రాసి ఉన్న సంచి మట్టిలో, సముద్రంలో మూడేళ్లు ఉన్నాక కూడా సరుకులు మోసింది. కంపోస్టబుల్ సంచి సముద్రంలో మూడు నెలల్లో మాయమైంది, మట్టిలో మాత్రం 27 నెలల తర్వాతా మిగిలే ఉంది. అంటే "ఎక్కడ పారేసినా" అన్న మాటే తప్పు.

"ఏ హానీ లేదు" అన్నదీ నిజం కాదు. పీఎల్ఏ సీసాలు పెట్ (మామూలు నీళ్ల సీసాల ప్లాస్టిక్) సీసాల్లో కలిస్తే రీసైక్లింగ్ చెడుతుంది. రెండూ నీళ్లలో మునిగేవే కాబట్టి తేల్చి వేరుచేయడం కుదరదు. పిండిపదార్థంతో చేసినవి గాలాడని చెత్తగుట్టలో మీథేన్ ఇవ్వగలవు.

ఈ పదార్థాలు పనికిరావని నేను అనడం లేదు. తడిచెత్తను సంచితో సహా కంపోస్టు ప్లాంటుకు పంపే చోట ఇవి చాలా మేలు. బ్యాక్టీరియా తయారుచేసే పీహెచ్ఏ అనే ప్లాస్టిక్ సముద్రంలోనూ కుళ్లగలదు, దాని ఖరీదే పెద్ద అడ్డంకి. అలాంటి ప్లాంటుకు చెత్త చేరే ఏర్పాటు లేని చోట కంపోస్టబుల్ కప్పుకు డబ్బు పెట్టే బదులు, కడిగి మళ్లీ వాడుకునే గ్లాసు కొనండి.