రెండక్షరాల బరువు

జర్మనీలో ఉద్యోగ ప్రకటనలు చదివే తెలుగు ఇంజినీరు మొదట తడబడేది జీతం దగ్గర కాదు, కుండలీకరణాల దగ్గర. 'ఇంజెన్యోర్ (ఎం/వే/డే) కావలెను' అని ఉంటుంది. అదేదో డిగ్రీ అనీ, మనకు లేదనీ కంగారు. తీరా చూస్తే ఎం అంటే మగ, వే అంటే ఆడ, డే అంటే ఈ రెండింటిలో ఇమడనివారు. ఉద్యోగం పేరు పుంలింగంలోనే ఉంచి, రేపు ఎవరైనా కోర్టుకెక్కితే చూపించడానికి పక్కన మూడక్షరాలు పడేస్తారు. వ్యాకరణానికి ముందస్తు బెయిలు.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, ఆ భాషలో ఆడమనిషి ఉద్యోగం చేయాలంటే పేరు చివర 'ఇన్' తగిలించుకోవాలి. రోమన్ లిపిలో రెండే అక్షరాలు. ఉపాధ్యాయుడు లేరర్, ఉపాధ్యాయురాలు లేరరిన్. ఇంతేనా అనుకోకండి. డాక్టరు ఆర్ట్‌స్ట్ అయితే డాక్టరమ్మ ఎర్ట్‌స్టిన్. వకీలు ఆన్‌వాల్ట్ అయితే వకీలమ్మ ఆన్‌వెల్టిన్. తోక తగిలించుకుంటే సరిపోదు, కడుపులో ఉన్న అచ్చును కూడా మెలిపెట్టుకోవాలి. మగవాడి కుర్చీలో కూర్చోబోతూ ఆ మాత్రం కడుపునొప్పి పడకపోతే ఎలా?

పూర్వం ఈ తోకకు ఇంకో పని ఉండేది. రొట్టెలు కాల్చేవాడి భార్య పిండి ముట్టకపోయినా బెకరిన్ అయ్యేది. 18వ శతాబ్దపు రచయిత్రి లూయిజె గాట్‌షెడ్‌ను భర్త ఇంటిపేరుకు తోక తగిలించి 'గాట్‌షెడిన్' అనేవారు. దొర భార్య కాబట్టి దొరసాని అన్నట్టు. అప్పట్లో ఆ తోక భాషకు బరువనిపించలేదు. ఆడవారు సొంత ఉద్యోగానికి తగిలించుకోవడం మొదలుపెట్టాకే బరువు తెలిసింది.

2005లో అంగేలా మెర్కెల్ ఛాన్సలర్, అంటే ప్రభుత్వాధినేత, జర్మన్‌లో కాంట్స్‌లర్, అయ్యారు. కాంట్స్‌లర్‌కు 'ఇన్' చేర్చవలసిన అవసరం ఆ పదవికి అంతవరకూ పడలేదు. జర్మన్ భాషా సంఘం 'బుందెస్‌కాంట్స్‌లరిన్'ను ఆ ఏటి మాటగా ప్రకటించింది. ఒక ప్రత్యయం చేరినందుకు ఇంత సన్మానం మన శతావధానులకు కూడా జరగలేదు.

కొన్ని పేర్లలో ఆ రెండక్షరాలు జీతాన్ని కూడా కోస్తాయి. 'జెక్రెటేర్' అంటే పార్టీ ప్రధాన కార్యదర్శి కావచ్చు, ప్రభుత్వ శాఖలో పెద్ద పదవి కావచ్చు, ఆఖరికి సొరుగులున్న రాతబల్ల కూడా కావచ్చు. 'జెక్రెటేరిన్' అంటే మాత్రం చాలాకాలం పాటు ఆ బల్ల దగ్గర కూర్చుని ఉత్తరాలు టైపు చేసే అమ్మాయే.

ఎదురు దారిలో వచ్చే మగవారి పట్ల భాషకు ఎంత దయో చూడండి. నర్సును క్రాంకెన్‌ష్వెస్టర్ అనేవారు, అంటే రోగుల సోదరి. (మన ఆసుపత్రుల్లోనూ సిస్టరే, నవ్వకండి.) మగవారు వచ్చినప్పుడు 'రోగుల సోదరుడు' అనవచ్చు కదా? మనం అంటాం, 'బ్రదర్, సెలైన్ అయిపోయింది' అని. వారు అనలేదు. క్రాంకెన్‌ఫ్లేగర్ అని వేరే పేరు కుట్టించారు. 2020 నుంచి కొత్తగా చేరేవారు ఆడైనా మగైనా 'సంరక్షణ నిపుణులు'. సోదరి నిపుణురాలు కావడానికి ఇన్నేళ్లు పట్టింది. మంత్రసాని పేరు హేబామె. ఆ పనిలోకి వచ్చే కొద్దిమంది మగవారి మనసు నొచ్చుకోకుండా 1985లో చట్టంలోనే విడిగా ఒక గంభీరమైన పేరు పెట్టారు. దాన్ని పలకడం పూర్తయ్యేలోపు బిడ్డ పుట్టేస్తుంది. 2020లో ఆ పేరు తీసేసి, మగవారు కూడా హేబామెలే అన్నారు. మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏది వచ్చినా పట్టాలంటారు, పాపం పేరు కూడా పట్టారు.

ఇక అసలు ఘట్టం. 2018లో మార్లీస్ క్రేమర్ అనే ఎనభై ఏళ్ల ఖాతాదారు, క్షమించాలి, ఖాతాదారురాలు, బ్యాంకు ఫారాల్లో తనను స్త్రీలింగంలో రాయాలని దేశపు అత్యున్నత సివిల్ న్యాయస్థానం దాకా వెళ్లారు. పుంలింగంలో అందరూ ఉన్నారు, అలా కోరే హక్కు లేదు పొమ్మన్నారు. మంచిదే. రెండేళ్లు తిరిగాయి. 2020 అక్టోబరులో న్యాయశాఖ ఒక దివాలా చట్టం ముసాయిదాను స్త్రీలింగంలో రాసింది. అప్పిచ్చినామె, అప్పుపడినామె, అంతా ఆడవారే. హోంశాఖ ఉలిక్కిపడింది. ఇలా రాస్తే చట్టం ఆడవారికే వర్తిస్తుందని అర్థం తీయవచ్చట! మగవారు దివాలా తీసే హక్కు కోల్పోయే ప్రమాదం. ముసాయిదాను వెంటనే పుంలింగంలోకి మార్చారు. పుంలింగం ఊరి రచ్చబండ, ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. స్త్రీలింగం ఆడవారి స్నానఘట్టం, మగవాడు అటు తొంగిచూడకూడదు.

సైన్యానికి మాత్రం ఈ గొడవ లేదు. 2001లో అన్ని విభాగాలూ ఆడవారికి తెరిచారు గానీ, హోదాలకు తోక పెట్టలేదు. కెప్టెన్ హోదా పేరు హౌప్ట్‌మన్, అంటే ముఖ్య పురుషుడు. ఆడ కెప్టెన్ 'ఫ్రౌ హౌప్ట్‌మన్', శ్రీమతి ముఖ్య పురుషుడు. నిజానికి వర్తకుడు కౌఫ్‌మన్ అయితే వర్తకురాలు కౌఫ్‌ఫ్రౌ కాబట్టి, ఇక్కడ హౌప్ట్‌ఫ్రౌ అనవచ్చు. కానీ ఆ మాటకు అర్థం పెద్ద భార్య. ఫిరంగుల మధ్య నిలబడి పెద్ద భార్యకు సెల్యూట్ కొట్టడం ఏ సైనికుడికి సాధ్యం?

మధ్యలో నక్షత్రం గుర్తు పెట్టి ఇద్దరినీ ఒకే మాటలో ఇరికించే పద్ధతి కూడా వచ్చింది. బవేరియా 2024లో ప్రభుత్వ కార్యాలయాల్లో, బడుల్లో దాన్ని నిషేధించింది.

నాకు జర్మన్ నేర్పిన టీచరు ఒకసారి, "మీ భాషలో ఆడవారి సంగతి ఏమిటి?" అని అడిగారు. అధ్యక్షురాలు, ఉపాధ్యాయురాలు అని గర్వంగా చెప్పాను. మరి క్రియలో? 'అతను వచ్చాడు', 'ఆమె వచ్చింది' అని బోర్డు మీద రాశాను. బస్సు కూడా రాయమన్నారు. 'బస్సు వచ్చింది' అని రాశాను. ఆవిడ రెండు 'వచ్చింది'ల కిందా గీతలు గీసి, జర్మన్‌లో 'అమ్మాయి' నపుంసకలింగమని నేను మూడు వారాలు నవ్విన సంగతి గుర్తుచేశారు.

"గౌరవంగా గారు చేర్చి, వచ్చారు అని కూడా అంటామండీ" అని సర్దబోయాను.

"బస్సుకా?" అన్నారు.