గాలి బరువుకు అసలు తూకం ఎక్కడుంది?

పంక్చరైన టైరుకు సైకిల్ షాపులో గేజి పెడితే ముల్లు సున్నా దగ్గరే ఉంటుంది. లోపల గాలి లేదని కాదు, బయట ఎంత ఒత్తిడి ఉందో లోపలా అంతే ఉందని. గేజి చూపేది ఆ తేడానే. అలా కాకుండా శూన్యం నుంచి లెక్కిస్తే వచ్చేది పరమ పీడనం. సముద్రమట్టం దగ్గర గాలిది సుమారు 1013 హెక్టోపాస్కళ్లు (పీడనాన్ని కొలిచే ప్రమాణం). టైరుకు తేడా తెలిస్తే చాలు. తుపానుకు చాలదు.

1996 నవంబరు తుపాను చూసిన కోనసీమవాళ్లకు బారోమీటరు పడిపోవడమంటే ఏమిటో చెప్పక్కర్లేదు. గాలి పీడనం ఒక హెక్టోపాస్కల్ తగ్గితే సముద్రం దాదాపు ఒక సెంటీమీటరు ఉబ్బుతుంది. 50 తగ్గితే అర మీటరు. ఉప్పెనలో పెద్ద వాటా గాలి తోసుకొచ్చే నీటిదే, నిజమే. కానీ అంతర్వేది లాంటి పల్లపు తీరంలో అర మీటరంటే మాటలా? గోదావరి సంగతి ఇంకా చిత్రం. నీళ్లలో ముంచిపెట్టే సెన్సర్లలో కొన్ని రకాలు నీటి బరువునీ, పైనున్న గాలి బరువునీ కలిపే చెబుతాయి. వాయుగుండం వేళ గాలి ఒత్తిడి 20 హెక్టోపాస్కళ్లు తగ్గిందనుకోండి. అది చూడకుండా మామూలు రోజు గాలి బరువే తీసేస్తే నీటిమట్టం ఎనిమిది అంగుళాలు తక్కువ కనిపిస్తుంది. ధవళేశ్వరంలో మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగుల దగ్గర ఇస్తారు. పావు అడుగు కూడా లెక్కలోకొచ్చే చోట ఎనిమిది అంగుళాలు!

దేశంలో ఈ కొలతలన్నిటికీ మూలం ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల. పాదరస స్తంభం ఎత్తును అల్ట్రాసౌండ్‌తో కొలిచి పీడనం తేల్చే మానోమీటరు అక్కడి పాత బలం. కానీ పాదరసం విషం. దాని వాడకం తగ్గించే మినమాటా ఒప్పందాన్ని మన దేశం 2018లో ఆమోదించింది. 2019లో బోల్ట్జ్‌మన్ స్థిరాంకం (ఉష్ణోగ్రతకూ అణువుల శక్తికీ లంకె చెప్పే అంకె) విలువను ఖాయం చేశాక కొత్త దారికి బలం వచ్చింది: వాయువులో లేజర్ కాంతి ఎంత నెమ్మదించిందో చూసి, అణువుల సాంద్రత తేల్చి, ఉష్ణోగ్రతతో కలిపి పీడనం లెక్కగట్టడం. అమెరికా ప్రమాణాల సంస్థ ఈ పనిలో చాలా ముందుంది. మనమూ అటు వెళ్లాల్సిందే.

నా గొడవ వేరే. ఢిల్లీలో లేజర్ వెలిగినంత మాత్రాన కాకినాడ రేవులో బారోమీటరు దానంతటదే సరికాదు. ఆనకట్ట దగ్గర నీళ్లు నిండుగా ఉన్నా, పిల్లకాలువ పూడితే శివారు చేను ఎండుతుంది. కొలతా అంతే. అందుకే ఆ లేజర్ మీద పెట్టే ఖర్చులో కొంతైనా జిల్లాల్లో పరికరాల కొలత సరిచూసే క్యాలిబ్రేషన్ ల్యాబులకు, గట్టు మీదికి వచ్చి సెన్సర్లు సరిచూసే మనుషులకు పోవాలి. పెట్రోలు బంకు మిషన్‌కైతే తూనికలు కొలతల శాఖ ముద్ర అడుగుతాం. వరద మట్టం ప్రకటించే చోట కూడా, ఆ సెన్సర్‌ను చివరిసారి ఎప్పుడు సరిచూశారో ఆ తేదీని అంకె పక్కనే రాయాలి.