సిటీ బస్సు మందగమనం: ఒక నిష్పాక్షిక విచారణ

సిటీ బస్సు ఆలస్యానికి బస్సే కారణమన్న విషయంలో కార్లలో కూర్చున్నవారందరూ ఏకాభిప్రాయంతో ఉన్నందున ఈ విచారణను ఆరంభానికి ముందే ముగించవచ్చు. అయినా న్యాయం జరిగినట్టు కనిపించాలి కాబట్టి ముద్దాయి వాదన కూడా విన్నాం.

మాటిమాటికీ ఆగుతుందన్నది మొదటి అభియోగం. ఆగకపోతే జనం ఎలా ఎక్కాలన్న సంజాయిషీని పక్కన పెట్టినా, పరిశీలనలో తేలిందేమంటే, బస్సుకు చిక్కల్లా ఆగడంలో కంటే మళ్లీ కదలడంలోనే ఉంది. బస్సు ఆగడానికని రోడ్డు అంచున లోపలికి తీసిన బస్ బేలో ఒదిగి ఆగిన బస్సు ఇండికేటర్ వేసి, ముక్కు జానెడు బయటపెట్టి నిలబడుతుంది. ఆ మిణుకును చూడగానే వెనకున్న కార్లు అదేదో తమను త్వరపడమంటోందని గ్రహించి వేగం పెంచుతాయి. కార్ల వరస తెగేసరికి సందుల్లోంచి ద్విచక్ర వాహనాలు పుట్టుకొస్తాయి. అవి కూడా వెళ్లేసరికి ముందు సిగ్నల్ ఎర్రబడుతుంది. బస్ బే బస్సు సుఖం కోసమని ఇన్నాళ్లూ నమ్మిన అమాయకుల్లో నేనూ ఒకణ్ణి.

గంటసేపు రాకుండా ఒకేసారి రెండు రావడం రెండో అభియోగం. ముందు బస్సు కాస్త వెనకబడితే స్టాపులో జనం పెరుగుతారు, వారిని ఎక్కించుకోవడంలో అది ఇంకా వెనకబడుతుంది, వెనక బస్సు ఖాళీగా వచ్చి దాన్ని అందుకుంటుంది. ఇది 1964లోనే గణితంలో తేలినా, డ్రైవర్లిద్దరూ కబుర్లకోసం కూడబలుక్కున్నారన్న సిద్ధాంతానికే స్టాపులో ఆదరణ ఎక్కువ.

బస్సుకు విడిగా దారి ఇవ్వాలని కొందరు వాదిస్తారు. బ్రెజిల్‌లోని కురిటిబా 1974లో, కొలంబియాలోని బొగోటా 2000లో ఆ పనికి ఒడిగట్టాయి. నూరుమంది ఎక్కిన బస్సుకు ఒక్కడున్న కారు కన్నా నూరు రెట్లు దారి దక్కాలని బొగోటా మేయరుగా చేసిన ఎన్రికే పెన్యలోసా అంటారు. ఇలాంటి అంకగణితం వ్యాపిస్తే కారు యజమానుల గౌరవం ఏం కావాలి? ఢిల్లీ మాత్రం 2008లో అలాంటి దారి వేసి, 2016లో తీసేసి, పరువు నిలబెట్టుకుంది. బస్సుల దారి ఖాళీగా పడి ఉంటోందని కార్లవారు మొత్తుకున్నారు మరి. బస్సులు ఎక్కడా నిలవకుండా వెళ్లిపోతే దారి ఖాళీగానే కనిపిస్తుందన్న కుతర్కాన్ని ఈ విచారణ పరిగణనలోకి తీసుకోలేదు.

తీర్పును మనసులో కూర్చుకుంటూ వస్తుంటే ఒక బస్సు నా ముందు ఇండికేటర్ వేసింది. ఫుట్‌బోర్డు మీద కూడా జనమే. నా కారులో నాలుగు సీట్లు ఖాళీ. నిష్పాక్షికతకు భంగం రాకుండా గట్టిగా హారన్ కొట్టి ముందుకు వెళ్లిపోయాను.