శిష్యుడి కూలి ఎవరిస్తారు?

తిరుపతి గాంధీ రోడ్డులో ఒకసారి తలెత్తి నడవండి. నగల కొట్టు, లాడ్జి, టిఫిన్ సెంటరు, మందుల షాపు... వ్యాపారాలు వేరైనా అక్షరాలన్నీ ఒక్క తల్లి పిల్లల్లాగే కనబడతాయి. కొన్ని బోర్డుల మీద ‘శ్రీ’ కూడా కుదురుగా ఉండదు. కంప్యూటర్లో ఫాంటు మార్చేటప్పుడు క్రావడి ఊడి పక్కన పడుతుంది. దాన్ని అలాగే ప్రింటు తీసి మేకులు దిగ్గొడతారు. చేత్తో రాసే ఆర్టిస్టు ఎంత హడావిడిలో ఉన్నా శ్రీకారాన్ని అలా విరగ్గొట్టడు.

తెలుగు అక్షరం మూడంతస్తుల మేడ. పైన గుడి, నడుమ అక్షరం, కింద ఒత్తు. నాలుగడుగుల రేకు మీద ‘కృష్ణా స్టోర్స్’ అని రాయాలంటే వట్రసుడి ఎంత దిగుతుంది, ణ ఒత్తుకు ఎంత చోటు వదలాలి, చివరి పొల్లు రేకు అంచును తాకకుండా ఎక్కడ ఆగాలి అని ముందే లెక్కగట్టి సుద్దదారం కొట్టాలి. పుస్తకం చదివితే వచ్చే లెక్క కాదిది. పనిలో చేరిన పిల్లవాడు ముందు బ్రష్షులు కడుగుతాడు. తర్వాత గురువు గీసిన అంచుల లోపల రంగు నింపుతాడు. ఏడాదో రెండేళ్లో గడిస్తే గానీ తలకట్టు పెట్టనివ్వరు. మన సరిహద్దు ఊళ్ల ఆర్టిస్టులకు ఇంకో బరువు కూడా ఉంది. యాత్రికుల కోసం తమిళం, కన్నడం రాయాలి. ఆ భాష చదవడం రాకపోయినా వంపు తప్పని చేతులున్నాయి ఇక్కడ.

ఈ నేలకు అక్షరం కొత్త కాదు. తిరుమల ఆలయ గోడల మీద వందల శాసనాలున్నాయి, వాటిలో ఎక్కువ తమిళంలోనివే. అన్నమయ్య సంకీర్తనలను కొడుకు పెద తిరుమలాచార్యులు రాగిరేకులకు ఎక్కించబట్టే అవి మన చెవిన పడుతున్నాయి. రాయించినవారిని తలుచుకుంటాం, సరే. రాగి మీద ఒక్కో అక్షరం దించిన పనివాళ్ల ఊసు ఎంతమంది ఎత్తుతారు? బోర్డు ఆర్టిస్టుదీ అదే వరస. రేకు మూలన చీమంత సంతకమే అతని గుర్తు.

ఫ్లెక్సీ వచ్చి పొట్ట కొట్టిందనేది నిజమే, కానీ సగం నిజం. 2022లో రాష్ట్ర ప్రభుత్వం ప్లాస్టిక్ ఫ్లెక్సీల మీద నిషేధం ప్రకటించింది, తర్వాత గడువు జరిపింది. నాయకుల పుట్టినరోజుకు మన కూడళ్లలో వేలాడేవి చూస్తే ఆ నిషేధం సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఒకవేళ రేపే ఫ్లెక్సీలన్నీ దిగిపోతే ఆ గోడల మీద రాసేదెవరు? పని తెలిసినవాళ్లకు మోకాళ్లు నిచ్చెన ఎక్కనివ్వడం లేదు. వాళ్లు తమ కొడుకుల్ని ఇటు రానివ్వడం లేదు. ఆ తండ్రుల్ని తప్పుపట్టలేం. బండి మీద భోజనం పార్శిళ్లు చేరవేస్తే ఆ వారమే డబ్బు చేతికొస్తుంది. బ్రష్షు కడిగితే రెండేళ్లకు తలకట్టు వస్తుంది.

దారి వెతకడానికి దూరం పోనక్కర్లేదు, శ్రీకాళహస్తి ఉంది. కలంకారీ కూడా ఒకప్పుడు చేతివేళ్ల మీద లెక్కపెట్టే కుటుంబాలకు కుదించుకుపోయింది. 1950లలో చేతికళల కోసం పాటుపడిన కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో అక్కడ శిక్షణ కేంద్రం వచ్చింది. కొత్త చేతులు తయారయ్యాయి. శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు దక్కింది, జె. గురప్ప చెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది. ఆ గుడ్డల మీద బొమ్మల పక్కన కథ చెప్పే తెలుగు వరుసలూ కలంతోనే రాస్తారు. కరక్కాయ నీళ్లలో నానిన బట్ట మీద పడిన నల్లసిరా చెరిపితే చెరగదు కనుక అక్షరం తప్పడానికి వీల్లేదు. గుడ్డ మీద రాసే చేతికి బడి పెట్టగలిగినవాళ్లం రేకు మీద రాసే చేతికి ఎందుకు పెట్టలేదు?

చేతివృత్తుల వారి కోసం 2023లో కేంద్రం మొదలుపెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. పూలదండలు కట్టేవారు, చేపల వలలు అల్లేవారు ఉన్నారు, ఉండాల్సిందే. శిక్షణ కాలంలో రోజుకు రూ.500 భత్యం ఇస్తారు. అక్షరం రాసేవారు ఆ జాబితాలో లేరు. పంతొమ్మిదో వృత్తిగా చేర్చమని మన ఎంపీలు అడగాలి.

తిరుపతిలోనే దేవస్థానం వారి శిల్ప కళాశాల ఉంది. రాయి, లోహం, కొయ్య, సంప్రదాయ చిత్రలేఖనం నేర్పే చోట ఒక ఏడాది అక్షర లేఖనం నేర్పడం పెద్ద భారం కాదు. బడుల పేర్లు, వార్డు బోర్డులు, గోడల మీద నినాదాలు రాయించే ప్రతి పనిలోనూ నేర్చుకునేవాళ్లు ఇద్దరు ఉండాలని, వాళ్లకూ కూలి కట్టాలని అధికారులు టెండరు షరతుల్లో రాయాలి. ఏటా ఒక పోటీ పెట్టి, శాలువా కప్పి, ఫొటో దిగి వెళ్లిపోతామంటే ఆ శాలువా ఖర్చు కూడా దండగే.

పత్రికవాళ్లం, మాకూ ఇందులో వాటా ఉంది. ఒకప్పుడు పత్రికల్లో ప్రత్యేక శీర్షికలు ఆర్టిస్టులే రాసేవారు. ఇప్పుడు మేమూ ఫాంట్ల మీదే బతుకుతున్నాం. కాళహస్తి కవి ధూర్జటి పేరుతో కూడా ఒక ఫాంటుంది, చక్కనిది. ఫాంటుతో మాకు పేచీ లేదు. దానికైనా ముందు ఒక చెయ్యి అక్షరం గీయాలి కదా.

బ్రహ్మోత్సవాలకు ముందు గోడలకు రంగులు వేయించేటప్పుడు అలిపిరి దారిలో ఒక్క గోడ వదలమని నగరపాలక సంస్థను అడుగుతున్నాం. నిచ్చెన మీద ఒకరు, కింద పట్టుకుని ఇద్దరు. ముగ్గురికీ కూలి.