రాళ్ళని పేల్చేసి రాక్ గార్డెన్ కొనుక్కుంటున్నాం

మార్చి వచ్చిందంటే మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒకటే గోల. "మొన్న పెట్టిన సక్యులెంట్లు అన్నీ కుళ్ళిపోయాయి" (ఆకుల్లో, కాండంలో నీళ్ళు దాచుకునే మొక్కలు లెండి), "వడగళ్ళకి ఆకులు జల్లెడ అయిపోయాయి", "ఈ హైదరాబాద్ వెదర్‌లో రాక్ గార్డెన్ మన వల్ల కాదు బాబూ". కింద ఓ పాతిక ఏడుపు ఎమోజీలు. ఏటా చూసి ఊరుకునేదాన్ని. ఈసారి చెప్పేస్తాను, ఎవరికి కోపం వచ్చినా సరే: వెదర్ తప్పేమీ లేదు. మీరు పెట్టింది రాక్ గార్డెన్ కాదు.

ముందు వెదర్ సంగతి. తెలంగాణలో మార్చి, ఏప్రిల్ నెలలు ఎప్పుడు నిలకడగా ఉన్నాయి? పొద్దున వాకింగ్‌కి వెళ్తే హాయిగా ఉంటుంది, మధ్యాహ్నం ముప్పై ఎనిమిది డిగ్రీలు మాడ్చేస్తుంది, సాయంత్రం నాలుగింటికి ఆకాశం నల్లబడి ఈదురుగాలి, ఉరుములు, వాన. "విదర్భ నుంచి తమిళనాడు వరకు ఉపరితల ద్రోణి" అని వార్తల్లో ఏటా ఈ రోజుల్లోనే వింటాం, గాలి ఒత్తిడి తగ్గిన పొడవాటి పట్టీ అన్నమాట. బంగాళాఖాతం నుంచి వచ్చే తేమగాలి, ఇక్కడ కాగిపోయి ఉన్న నేల మీది వేడిగాలి కలిసి పైకి లేస్తే క్యుములోనింబస్ అనే ఉరుముల మేఘం కడుతుంది. అది ఎత్తుకి వెళ్ళి గడ్డకడితే వడగళ్ళు. 2023 మార్చి నడిమిలో వికారాబాద్ జిల్లా మర్పల్లిలో రోడ్లు తెల్లగా కప్పేసి కాశ్మీర్‌లా కనిపించిన ఫొటోలు మీ అందరి ఫోన్లలోనూ తిరిగాయి. అప్పుడు లైకులు కొట్టింది మనమే. మామిడి పిందె రాలిపోయిన రైతు, యాసంగి వరి నేలపాలైన రైతు బాధపడితే అర్థం ఉంది. మనం మూడు కుండీలు పోయాయని ప్రకృతిని తిట్టడం కాస్త అతిగా లేదూ?

ఇక రాక్ గార్డెన్ అంటే చాలామందికి చండీగఢ్ గుర్తొస్తుంది. అది వేరే సంగతి. నేక్ చంద్ పగిలిన గాజులూ టైల్సూ సింకులూ ఏరి చేసిన అద్భుతం అది, 1976లో జనానికి తెరిచారు. మొక్కల కోసం పెట్టే రాళ్ళతోట పుట్టింది యూరప్‌లో. ఆల్ప్స్ కొండల మీద మంచు కరగగానే పూసే చిన్న చిన్న మొక్కల మీద అక్కడివాళ్ళకి మోజు. తెచ్చి పెరట్లో పెడితే చచ్చిపోయేవి. చలికి కాదండీ, చలిని అవి ఎప్పుడో జయించాయి. చలికాలమంతా వేళ్ళ దగ్గర నిలిచే తడికి. అందుకని రాళ్ళు పేర్చి, గులకా ఇసుకా కలిపి, నీళ్ళు చుక్క నిలవకుండా జారిపోయేలా కట్టడం నేర్చారు. లండన్ క్యూ గార్డెన్స్‌లో రాళ్ళతోట 1882 నాటిది. అంటే ఈ తోటలో రాయి ఉన్నది అందం కోసం కాదు, వేరు కోసం. నీళ్ళు జారాలి, వేళ్ళకి గాలి ఆడాలి, రాయి కింద కాస్త చల్లదనం దొరకాలి. అందం వచ్చిందా, అది అదనం.

మరి మనమేం చేస్తున్నాం? మనది రాళ్ళ మీద కట్టిన ఊరు. ఇక్కడి గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళు. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టున్న గుండ్లు, ఆ గుండ్ల సందుల్లో మొక్కలు, ఆ మొక్కలకి ఏటా పూత. వాటిని కాపాడండి మహాప్రభో అని 1996 నుంచి సొసైటీ టు సేవ్ రాక్స్ వాళ్ళు మొత్తుకుంటూనే ఉన్నారు. మనం మాత్రం డైనమైట్ పెట్టి గుట్టని చదును చేసి, విల్లాలు కట్టి, బ్రోషర్‌లో "థీమ్డ్ రాక్ గార్డెన్" అని వేస్తే చదరపు అడుగుకి ఇంత అని ఎక్కువ ఇచ్చి కొంటున్నాం. తర్వాత ఆ రాక్ గార్డెన్ కోసం తెల్లరాళ్ళు బస్తాల లెక్కన తెప్పిస్తున్నాం. దీన్ని ఏమనాలో నాకైతే తెలియడం లేదు.

ఆ రెడీమేడ్ రాక్ గార్డెన్ ప్యాకేజీ ఎలా ఉంటుందో చూశారుగా. టైల్స్ వేసిన మూల. నీళ్ళు పోయే దారి ఉండదు. కింద కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) దట్టంగా, దాని మీద తెల్ల పాలరాతి ముక్కలు, నడుమ గులాబీ పువ్వుల్లా ఉన్న ఎచివేరియాలు, ఓ చివర బుద్ధుడి తల, రాత్రికి లైటింగు. ఫొటోకి బ్రహ్మాండం. ఎచివేరియా పుట్టింది మెక్సికో ఎత్తు ప్రాంతాల్లో, రాత్రిళ్ళు చల్లబడే చోట. మన ఏప్రిల్ రాత్రి ఎక్కడ చల్లబడుతుంది? దాని ఆకుల గిన్నెలో సాయంత్రం వాన నీళ్ళు నిలుస్తాయి, పొద్దున్నే ఎండ ఆ నీళ్ళని కాచేస్తుంది, మొక్క నడుమ నుంచి మెత్తబడుతుంది. తెల్లరాళ్ళు ఎండని కింది నుంచి మళ్ళీ ఆకుల మీదికే కొడతాయి. కోకోపీట్ నీళ్ళని పట్టి ఉంచుతుంది, దాని పనే అది. ఇంత చేసి మొక్క బతకలేదంటే మొక్క తప్పా, వాన తప్పా?

అడీనియం, అదే ఎడారి గులాబీ, దాని గురించి కాస్త ఎక్కువే మాట్లాడతాను, ఎందుకంటే అందరి ఏడుపూ దాని గురించే. సహారాకి దక్షిణాన, తూర్పు ఆఫ్రికాలో, అరేబియాలో రాళ్ళలో ఇసుకలో పెరిగే మొక్క. ఆ ఉబ్బిన మొదలు దాని నీళ్ళ ట్యాంకు. మన ఎండ దానికి పండగ, ఫిబ్రవరి నుంచి మే దాకా ఆకు కంటే పువ్వే ఎక్కువ కనిపిస్తుంది. అలాంటిది ఎండాకాలంలోనే ఎందుకు చస్తోంది? మన ప్రేమ వల్ల. ఎండలు ముదిరాయి పాపం అని పూటకో చెంబు పోస్తాం. ఎండ ఉన్నంతసేపూ ఎలాగో లాక్కొస్తుంది. ఇంతలో ద్రోణి వస్తుంది, మూడు రోజులు మబ్బు, రాత్రి వాన. అప్పటికే తడిగా ఉన్న మట్టి ఇక ఆరదు, వేళ్ళకి గాలి అందదు, కుళ్ళు మొదలవుతుంది. పైకి పువ్వులు ఇంకా నవ్వుతూనే ఉంటాయి, మొదలు నొక్కితే వేలు లోపలికి దిగుతుంది. అప్పుడు గ్రూపులో పోస్ట్: "నిన్నటి దాకా బాగానే ఉంది!" బాగా లేదమ్మా. నువ్వు పువ్వు చూశావు, మొదలు చూడలేదు.

మందు చాలా చవక. మొరం. అవును, రోడ్ల కింద పోసే మొరమే. మన గ్రానైట్ ఏళ్ళ తరబడి ఎండకీ వానకీ చితికితే వచ్చేదే అది, గుట్టల మీద మొక్కలు వేళ్ళు దింపేది అందులోనే. జల్లెడ పట్టి సన్నటి పిండి తీసేయండి, అది ఉంటే సిమెంటులా గట్టిపడుతుంది. మిగిలిన పలుకులో కాస్త ఎర్రమట్టి, కాస్త మాగిన పశువుల ఎరువు చాలు. అడుగున నీళ్ళు బయటికి పోయే దారి తప్పనిసరి. రాళ్ళని పైన అలంకారంగా పరచకుండా మూడో వంతు మట్టిలోకి పాతండి, కొద్దిగా వాలుగా. నర్సరీలో ఇదెవరూ చెప్పరు. దీంట్లో వాళ్ళకి అమ్ముకునేదేముంది?

ఇక మొక్కలు. కొండగోగు ఎప్పుడైనా చూశారా? ఫిబ్రవరి, మార్చిలో శ్రీశైలం ఘాట్ రోడ్డు మీద వెళ్ళేటప్పుడు, ఒక్క ఆకు లేని కొమ్మల చివర అరచేయంత పసుపుపచ్చ పువ్వులు. దాని బంకకి మార్కెట్లో మంచి పేరుంది, గిరిజనులు సేకరించి అమ్ముతారు. పువ్వుకి మాత్రం మన తోటల్లో చోటు లేదు. ఆకు రాల్చి పూయడంలోనే దాని తెలివంతా ఉంది. ఎండకి ఆవిరైపోవడానికి ఆకు లేదు, వడగళ్ళకి చిరగడానికీ ఆకు లేదు. ఇవాళ పువ్వు రాలితే రేపటి మొగ్గ సిద్ధంగా ఉంటుంది. చెట్టవుతుంది కాబట్టి బాల్కనీకి పనికిరాదు, విల్లా ముందు ఖాళీ ఉన్నవాళ్ళకి దీనికి మించింది లేదు. అడవి ఉల్లి, అదే నక్కవుల్లి, అది కూడా అంతే: రాతినేలలో గడ్డ దాచుకుని, ఎండల్లో ఆకు లేకుండా ఒట్టి పూకాడ పంపిస్తుంది. (గుట్టల మీద నుంచి తవ్వి తెచ్చుకోకండి దయచేసి. విత్తనమో, పెంచినవాళ్ళ దగ్గర పిలకో అడగండి.)

స్వదేశీ ఛాందసం కాదు నాది. రెయిన్ లిల్లీ అమెరికా ఖండాలది, గడ్డిగులాబీ దక్షిణ అమెరికాది, రెండూ నాకు ప్రాణం. ఏప్రిల్‌లో ఒక్క మామిడి జల్లు పడిందంటే నాలుగు రోజులకల్లా రాళ్ళ అంచున రెయిన్ లిల్లీలు బారులు తీరతాయి. మీరు తిట్టుకునే ఆ వానే వాటికి కబురు. గడ్డిగులాబీ మబ్బు పడితే ముడుచుకు కూర్చుంటుంది, ఎండ రాగానే విప్పుకుంటుంది. ఎక్కడి నుంచి వచ్చిందన్నది కాదు, ఈ రెండు నెలల పిచ్చి వాతావరణాన్ని తట్టుకోగలదా అన్నదే నేను చూసేది.

"అవి అడవి మొక్కలండీ, పెడితే పాములొస్తాయి" అన్నారు మా బ్లాకులో ఒకాయన. అంకుల్, పాములు ముందు నుంచీ ఇక్కడే ఉన్నాయి. వాటి గుట్ట మీద మీరు జిమ్ కట్టించారు.

ఈ వారం మళ్ళీ ద్రోణి అంటున్నారు కాబట్టి, పొద్దుటి నుంచి ఇన్‌బాక్స్‌లో అడుగుతున్నవాళ్ళకి ఇక్కడే జవాబు. అడీనియంలకి ఇవాళ్టి నుంచి నీళ్ళు ఆపండి. చిన్న కుండీలైతే సన్‌షేడ్ కిందికి జరపండి, ఇంట్లోకి మాత్రం వద్దు. వడగళ్ళకి కాండం మీద దెబ్బ తగిలితే చిట్లిన చోటు ఆరనివ్వండి, పసుపు పూస్తే పూయండి, నీళ్ళు మాత్రం పోయకండి. అడీనియం నుంచి కారే పాలు చేతికి అంటితే కడుక్కోండి, అది విషం, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. తెల్లరాళ్ళు తీసి పారేసే ఉద్దేశం ఉంటే పారేయకండి, మా అపార్ట్‌మెంట్ వెనక గోడ దగ్గర గుంతలున్నాయి, అక్కడ పోయండి.